ఏడున్నర సీరియల్ ఎవరిది

ఫిబ్రవరి 9

బుజ్జులూ,

ఎలా ఉన్నావమ్మా. ఫోన్ ఎత్తడం లేదని కోప్పడకు. ఎత్తానంటే నీ మాట వినపడగానే ఏడుపొచ్చేస్తుంది. నువ్వు అవతల హలో హలో అంటూనే ఉంటావు, నేను ఇవతల గోడ పట్టుకుని నిలబడతాను. కాగితమైతే నయం. ఏడుపొస్తే కలం కింద పెట్టి, తగ్గాక మళ్ళీ అందుకోవచ్చు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

వచ్చే గురువారానికి మీ అక్క పోయి ఎనిమిది నెలలు.

షాపు తెరుస్తూనే ఉన్నాను. జిప్పులు, ప్యాంట్ల అంచులు, కర్టెన్లు, ఏదో ఒకటి వస్తూనే ఉంది. కాకపోతే ఏడింటికల్లా మూసేస్తున్నాను. 'పని నుంచి వచ్చేసరికే నీ తలుపులు మూసుంటాయి' అని జనం గొణుగుతారు. గొణుక్కోనీ. ఏడున్నరకి డాక్టరమ్మ సీరియల్. అక్క ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు వదల్లేదు, ఇప్పుడు నేను వదిలితే ఎలా. మంచం మీద దాని వైపు దాని దిండు అలాగే పెట్టి, నా వైపు నేను కూర్చుంటాను. ఏ రోజు ఏం జరిగిందో ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను కూడా. అది అడిగితే చెప్పడానికి అన్నట్టు. అడగదని నాకు తెలుసులే.

డాక్టరమ్మకి మళ్ళీ మతి పోయింది, పాతదేదీ గుర్తులేదు. ఇది మూడోసారి.

మొన్న బొమ్మ కింద అక్షరాలు పోతున్నాయి, కూడబలుక్కుని చదివాను. త్వరలో ముగింపు అట. ఆ అరగంట అక్క పక్కన ఉన్నట్టే ఉంటుంది. అది కూడా అయిపోతే ఏడున్నరకి నేనెక్కడికి పోవాలి, చెప్పు.

అక్క పాటల పెట్టె, అదే అరచేతిలో పట్టేది, చెవుల్లో పెట్టుకునే తీగలతో సహా ఆసుపత్రి సంచిలో రాలేదు. నాకు ఆ వార్డు ఆయా మీదే అనుమానం. బజారులో కనపడితే మొహం తిప్పుకుంటున్నాను.

పళ్ళు తయారుచేసే దానివి, నీ పళ్ళు బాగా చూసుకో.

మీ అమ్మ


ఫిబ్రవరి 17

అమ్మా,

నీ ఉత్తరం ల్యాబులో మధ్యాహ్నం విరామంలో చదివాను. చేతులకి పళ్ళ అచ్చులు పోసే ప్లాస్టర్ అంటుకుని ఉంది, కాగితం మీద తెల్లటి వేలిముద్రలు పడ్డాయి. మా సీనియర్ చూసి 'ప్రేమలేఖా' అన్నారు. 'అంతకంటే పెద్దది, మా అమ్మది' అన్నాను.

ఇక్కడ పని బాగానే ఉంది. ఈ వారం ఒక పెద్దాయనకి పై వరస పళ్ళ సెట్టు చేశాను. పాత ఫోటో ఒకటి పంపి, ముందు పళ్ళ మధ్య సందు అలాగే ఉంచమన్నాడు. సందు లేకపోతే మనవరాలు గుర్తుపట్టదట. మైనంలో ఆ సందు చెక్కడానికి నాకు ఒక పూట పట్టింది.

అమ్మా, ఒక మాట చెప్తాను. ఆ సీరియల్ నీకిష్టమైతే హాయిగా చూసుకో, అందులో తప్పేముంది. అక్క కోసం అని దాని మీద పెట్టకు. అక్కకి ఆ డాక్టరమ్మ పేరెత్తితే ఒళ్ళు మంట. నీకిష్టమని నీ పక్కన కూర్చునేది, అంతే. సీరియల్ అయిపోతుందని నువ్వు భయపడుతుంటే నాకు భయంగా ఉంది. కొన్నాళ్ళు షాపు మూసి ఇక్కడికి వచ్చెయ్యి. అక్క పుస్తకాలు ఆ వీధి చివర లైబ్రరీకి ఇచ్చేద్దాం. గదిలో అవి కళ్ళెదురుగా ఉంటే నువ్వు కోలుకోవు.

ఆయా సంగతి వదిలెయ్. పాపం, ఆమెనేమీ అనకు.

వేళకి నిద్రపో.

నీ బుజ్జులు


ఫిబ్రవరి 23

బుజ్జులూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నేనే తప్పు చదివాననుకున్నాను. రెండోసారి పక్క షాపు గడియారాలాయన చేత చదివించుకున్నాను. మూడోసారి ఎందుకు చదివానో నాకే తెలియదు.

నాకిష్టమని ఎవరు చెప్పారు నీకు.

ఆ సీరియల్ నాకు మొదటి రోజు నుంచీ పడదు. ఆ ఏడుపులూ, ఆ మెట్ల మీంచి దొర్లడాలూ, ఒక్కో మాటకి నలుగురి మొహాలు చూపించడాలూ. ఎలా మొదలైందో చెప్తాను విను. ఆ రోజు గోడ గడియారం ఆగిపోయింది. కర్టెన్లావిడ ఏడున్నరకి వస్తానంది. టైము తెలియాలని టీవీ పెట్టి, అటో కన్నేసి బొత్తాలు కుడుతున్నాను. అక్క బస్టాండు నుంచి వచ్చింది. రోజంతా ఆ విచారణ కౌంటర్లో వాళ్ళకీ వీళ్ళకీ జవాబులు చెప్పి చెప్పి వచ్చిన పిల్ల, భుజం మీద సంచి కూడా దించకుండా నా పక్కన కూర్చుంది. 'ఎవరమ్మా ఆవిడ, ఎందుకేడుస్తోంది' అంది. నాకు తెలిసినంతలో చెప్పాను. మర్నాడు అదే వేళకి వచ్చి అదే చోట కూర్చుంది. పోనీలే, పిల్లకి నచ్చింది అనుకున్నాను. ఆ మర్నాటి నుంచి దాని కోసం నేనే ముందు పెట్టి ఉంచేదాన్ని. షాపు తొందరగా కట్టేసింది కూడా దాని కోసమే.

ఇప్పుడు నువ్వేమో అది నా కోసం కూర్చుందంటావు. మరి ఎనిమిదేళ్ళు నేను ఎవరి పక్కన కూర్చున్నట్టు. కన్నపిల్లకి ఏది ఇష్టమో ఏది కాదో తెలియని తల్లి ఉంటుందా.

లేక నువ్వే కోపంతో అన్నావా. చిన్నప్పటి నుంచీ నీకు ఆ మాటే, అమ్మకి ఒక్కతే కూతురు అని. అది పోయాక కూడా నాకూ దానికీ మధ్య ఉన్న ఆ అరగంట నీకు కంట్లో నలుసైందా. పుస్తకాలు ఇచ్చెయ్యమంటావు. దాని గుర్తులన్నీ ఊడ్చేస్తే నీకు తేలికవుతుందేమో. నేను రాను. పుస్తకాలు ఇవ్వను.

ఇంతకంటే రాయలేను. సూదిలో దారం ఎక్కించడానికి కూడా ఈ రోజు చూపు ఆనలేదు.

అమ్మ


మార్చి 11

అమ్మా,

రెండు వారాలు జవాబు రాయలేదు. నాలుగు కాగితాలు చించాను. మొదటి దాంట్లో నిన్ను తిట్టాను. రెండో దాంట్లో నన్ను తిట్టుకున్నాను. మిగతావి చదివేట్టు లేవు.

నాది నోరు జారడమే. ముందూ వెనకా చూసుకోకుండా రాసేశాను. కానీ రాసింది అబద్ధం కాదు. నీకిష్టం లేదని నాకు నిజంగా తెలియదమ్మా. అక్కకీ తెలియదు. 'అమ్మకి రోజు మొత్తంలో కుట్టు ఆపే అరగంట అదొక్కటే, దాన్ని నేను చెడగొట్టను' అనేది నాతో. అదే వేళకి వేరే చానల్లో పాటల పోటీ వచ్చేది. అదంటే అక్కకి ప్రాణం. మర్నాడు కౌంటర్లో పక్కావిడని అడిగి ఎవరు గెలిచారో తెలుసుకునేది.

నువ్వు తెలియని తల్లివి కాదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నోరు మూసుకున్నారు. ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, అదే మన జబ్బు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉత్తరంతో చిన్న పార్సిల్ వస్తుంది. విప్పి, నన్ను ఏమన్నా అను. పాటల పెట్టె ఆయా తియ్యలేదు. నేను తీశాను. ఆసుపత్రిలో ఆ రోజు నువ్వు డాక్టరు గది ముందు ఉన్నప్పుడు, సంచి సర్దుతూ జేబులో వేసుకున్నాను. నీకు దాని దిండుంది, దాని గది ఉంది, దాని వైపు మంచం ఉంది. నాకు ఏముంది అనిపించింది. పళ్ళు చెక్కుతూ అక్క పాటలు వింటున్నాను ఇన్నాళ్ళూ. నువ్వు ఆయాని అనుమానిస్తున్నానని రాసినప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదు.

పుస్తకాలు ఇవ్వొద్దులే. నాకు భయమేసి అన్నాను, తేలిక కోసం కాదు.

ఎడమ పక్కనున్న గుండ్రటి బొత్తాం నొక్కాలి. మొదట గట్టిగా వినపడుతుంది, కంగారు పడకు.

బుజ్జులు


మార్చి 19

బుజ్జులూ,

పార్సిల్ అందింది. నిన్ను ఏమీ అనను. ఒకరోజు అన్నాను మనసులో, అయిపోయింది.

ముందు ఆయా సంగతి. మొన్న బజారులో ఎదురైతే ఈసారి నేనే ఆపాను. ఆమె చేతి సంచికి జిప్పు ఊడి వేలాడుతోంది. ఇటివ్వు అని తీసుకుని, షాపుకి తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టి, కొత్త జిప్పు వేసిచ్చాను. 'ఎందుకమ్మా ఇదంతా' అంది. 'ఊరికే' అన్నాను. పిచ్చిదనుకుని ఉంటుంది.

ఇక మీ అక్క పాటలు. బొత్తాం నొక్కగానే రేకుల షెడ్డు కూలిందనుకున్నాను. రెండు చెవుల్లోంచీ పీకేసి, షాపు బయటికి వెళ్ళి పైకి చూసొచ్చాను. ఇంత నెమ్మదైన పిల్ల, అడిగిన వాళ్ళకి అడిగినంతా ఓపిగ్గా జవాబు చెప్పే పిల్ల, చెవుల్లో ఈ డమడమలు పెట్టుకుని తిరిగిందా. రోజంతా జనం గోల విని వచ్చాక దీంతో ఆ గోల కడుక్కునేదేమో. ఏమో, నా ఊహ.

రెండో రోజు కొంచెం ఓర్చుకున్నాను. అందులో ఒక గరగర గొంతు మనిషి ఉన్నాడు, జలుబు చేసినవాడిలా పాడతాడు, వాడు పరవాలేదు. మూడో రోజు పెద్ద హాలు కర్టెన్లు వచ్చాయి, అంచు కుట్టడమే పన్నెండు మీటర్లు. చెవుల్లో పెట్టుకుని మొదలుపెట్టాను. చూస్తే నా కాలు ఆ డప్పుతో పాటే మిషను తొక్కుతోంది. అంచు టేపు పెట్టి గీసినట్టు వచ్చింది. నా మిషను మోటారు ఆగిపోయి బాగుచేయించలేదు కదా, ఇక బాగుచేయించను.

పుస్తకాలు కూడా దించాను. అన్నీ హత్యలూ, పోలీసులూ. ప్రతి పుస్తకంలో నలభయ్యో పేజీ అంచున పెన్సిలుతో ఒక పేరు రాసి ఉంది. ఏమిటా అని గడియారాలాయన్ని అడిగితే, చదివి నవ్వాడు. హంతకుడు ఎవరో నలభై పేజీలకే పందెం వేసేదట మీ అక్క. ఆఖరి పేజీలు చూసుకుంటూ పోయాం ఇద్దరం. పద్నాలుగు పుస్తకాల్లో పదకొండు తప్పు. నేను దాన్ని ఎంత తెలివైనదనుకున్నానో. పదకొండు తప్పయినా పదిహేనో దాంట్లో మళ్ళీ రాసింది చూడు, అది నాకు నచ్చింది. ఆ పదిహేనోది సగంలో ఆగిపోయి ఉంది, లోపల బస్సు టికెట్టు పెట్టి ఉంది. దాన్ని నేను రోజుకి రెండు పేజీలు చదువుతున్నాను, వేలు పెట్టి. అది వంటమనిషి పేరు రాసింది. నాకు అనుమానం మేనమామ మీద ఉంది.

ఇది నాకు తెలిసిన కూతురు కాదు బుజ్జులూ. కొత్త మనిషి. కానీ దీంతో కూడా నాకు పడుతుంది.

ఎవరూ అడగరన్నావు. ఆ మాట నా గుండెల్లో ముల్లులా ఉంది. కాబట్టి అడుగుతున్నాను. నీకేం ఇష్టం. ఏం పాటలు వింటావు, ఏం చూస్తావు, ఏం చదువుతావు. నా కోసమని ఏదో ఒకటి రాయకు. ఈ ఇంట్లో ఆ పని చాలామంది చాలా ఏళ్ళు చేశారు. ముందు నాది చెప్తాను. నాకు అడవి జంతువుల కార్యక్రమం ఇష్టం. పిట్ట ఎలా గూడు అల్లుతుందో, తాబేలు ఎలా నడుస్తుందో. ఎవరూ ఏడవరు. అది కూడా ఏడున్నరకే వచ్చేది, ఇంకో చానల్లో.

ముందు పన్ను ఒకటి విరిగింది, దారం కొరికీ కొరికీ. చెప్పకూడదనుకున్నాను. చెప్పడం నేర్చుకుంటున్నాను.

అమ్మ


మార్చి 26

అమ్మా,

విరిగిన పన్ను సంగతి ముందే చెప్పొద్దూ. కత్తెర ఉండగా పళ్ళతో దారం కొరకొద్దని ఎన్నిసార్లు చెప్పాను. పంటి అచ్చు నేనే వచ్చి తీస్తాను. మా సీనియర్‌ని అడిగాను, వచ్చే నెలలో రెండు రోజులు సెలవిస్తారు.

నువ్వు అడిగిన దానికి జవాబు. నవ్వకూడదు.

నాకు ఆ సీరియల్ ఇష్టం.

నిజం. డాక్టరమ్మ సీరియల్. మన ఇంట్లో దాన్ని ఇష్టపడింది నేనొక్కదాన్నే అనుకుంటా. నేనేమో హాస్టల్లో, ఇక్కడ హాల్లో టీవీ వార్డెనమ్మ చేతిలో, ఆవిడకి వార్తలు తప్ప ఏవీ పడవు. రోజూ తొమ్మిదింటిలోపు అక్కకి ఫోన్ చేసి 'ఇవాళ మీ డాక్టరమ్మ ఏం వెలగబెట్టింది' అనేదాన్ని, వెక్కిరించడానికి అడుగుతున్నట్టు. అక్క వెక్కిరిస్తూ మొత్తం చెప్పేది. అత్తగారిలా గొంతు మార్చి, మెట్ల మీంచి పడ్డట్టు చప్పుడు చేసి. నేను కూడా పకపకా నవ్వుతూ ఆ వెక్కిరింతలోంచి కథ ఏరుకునేదాన్ని. ఇష్టమని చెప్తే తక్కువగా చూస్తుందేమోనని ఎప్పుడూ చెప్పలేదు. చూశావా, నేనూ నీ కూతుర్నే.

అక్క ఆసుపత్రికి వెళ్ళిన రోజు నుంచి కథ నాకు తెలియదు. అప్పటికి డాక్టరమ్మకి మతి ఉంది. తర్వాత మూడోసారి పోయిందని నీ ఉత్తరంలోనే తెలిసింది. ఫోన్లో చూసుకోవచ్చుగా అంటావు. ఒకసారి పెట్టాను. రెండు నిమిషాలు చూసి ఆపేశాను. ఒక్కదాన్నే చూస్తే అది వట్టి సీరియల్. ఎవరో ఒకరు చెప్పాలి నాకు.

నువ్వు రోజూ నోటు పుస్తకంలో రాశానన్నావు కదా. అది పంపుతావా. వచ్చే శుక్రవారం ఆఖరి భాగమట. నీకు పడదని తెలుసు. తెలిసే అడుగుతున్నాను. అదొక్కటి నా కోసం చూసి చెప్తావా.

నీ బుజ్జులు


ఏప్రిల్ 4

బుజ్జులూ,

నోటు పుస్తకం దీంతో పంపుతున్నాను. దాదాపు పది నెలల కథ. అక్కడక్కడా తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి, అవి డాక్టరమ్మ కోసం కాదని నీకు తెలుసు. ఎవరి కోసం రాస్తున్నానో తెలియకుండానే నీ కోసం రాశాను, చూడు.

నవ్వొద్దన్నావు, నవ్వాను. షాపులో ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. గడియారాలాయన తల లోపలికి పెట్టి 'అంతా కులాసానా' అన్నాడు. ఎన్నాళ్ళైందో నన్నా మాట ఎవరైనా భయపడకుండా అడిగి.

నిన్న శుక్రవారం. దాని దిండు ఒళ్ళో పెట్టుకుని, దిండు మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిదేళ్ళుగా నోట్లో దాచుకున్న తిట్లు ఈసారి పైకే తిట్టాను. పక్కనుంటే అది నాకంటే ఎక్కువ తిట్టేది. ఇద్దరం కలిసి తిట్టుకుంటూ చూసుంటే ఎంత బాగుండేది. ఆ మాట అనుకుని కాసేపు కలం కింద పెట్టాను, ఆ కాసేపట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. కర్టెన్ల మీద ఉత్తుత్తి పూల ఎంబ్రాయిడరీ చూపిస్తున్నట్టు గుర్తు.

ఇక విను. ఆసుపత్రి వసారాలో డాక్టరమ్మ నిలబడి ఉంది. మతి లేదు. తెల్లకోటు వేసుకుంది కానీ ఎందుకు వేసుకుందో తెలియదు. ఆ కోటుకి కింద బొత్తాం లేదు, ఎనిమిదేళ్ళుగా లేదు, ఎవరూ కుట్టలేదు. మొగుడొచ్చి పేరు పెట్టి పిలిచాడు, గుర్తుపట్టలేదు. అత్తగారు అదే మెట్ల మీద నిలబడింది. ఇక పడుతుంది అని దిండు గట్టిగా పట్టుకున్నాను. పడలేదు. మెల్లిగా రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగొచ్చి, కోడలి చెయ్యి పట్టుకుని, 'గుర్తు రాకపోతే పోనీ, మళ్ళీ మొదటి నుంచి పరిచయం చేసుకుందాం' అంది. డాక్టరమ్మ ఆవిడ మొహంలోకి చూసి, 'మీకేం ఇష్టం' అని అడిగింది. అక్కడ ఆపేశారు. ఇదేమి ముగింపు, మతి వచ్చినట్టా రానట్టా అని మీ అక్క అయితే దిండు విసిరేసేది. నేను మాత్రం ఆ మాట పుస్తకంలో రెండుసార్లు రాసుకున్నాను. ఎనిమిదేళ్ళలో ఆ ఒక్క మాట బాగా రాశారు. నాకు నచ్చిందని ఎవరికీ చెప్పకు.

అత్తగారి గొంతు నాకు రాదు. నువ్వొచ్చినప్పుడు ప్రయత్నిస్తాను. మెట్ల చప్పుడు మాత్రం తెలుసు, బట్టల తాను నేల మీద పడేస్తే సరిగ్గా అలాగే వస్తుంది.

సోమవారం నుంచి షాపు ఎనిమిదింటి వరకు తెరుస్తానని తలుపు మీద కాగితం అంటించాను. ఏడున్నరకి చిన్న టీవీ షాపులోనే పెట్టుకుంటాను. ఒకరోజు నా తాబేళ్ళు, ఒకరోజు దాని పాటల పోటీ. నువ్వు వచ్చిన రెండు రోజులూ నీ ఇష్టం. ఏం పెట్టమంటే అది పెడతాను, నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే చెప్తాను.

పదిహేనో పుస్తకం అయిపోయింది. వంటమనిషే. ఈసారి మీ అక్కే గెలిచింది. నలభయ్యో పేజీలో దాని రాత పక్కన టిక్కు పెట్టాను. పాటల పెట్టె నీకు తిరిగి పంపుతున్నాను, పళ్ళు చెక్కేటప్పుడు నీకు కావాలి. ఆ గరగర గొంతు వాడి పాటలు మాత్రం గడియారాలాయన చేత నాకోసం నా ఫోన్లోకి ఎక్కించుకున్నాను.

నోటు పుస్తకం చేతికందగానే ల్యాబులో మధ్యాహ్నం తెరిచి కూర్చుంటావు, నాకు తెలుసు. కథ ఎక్కడికీ పోదు. ముందు చేతులకున్న ప్లాస్టర్ కడుక్కో. కూర్చుని, నిదానంగా, కడుపు నిండా అన్నం తిను.

అమ్మ